మూసిన చిల్లులు

వరద వచ్చి కిందివాటా మంచాలు తేలిన ఏడాది పోయి, మరుసటి ఏడాది జరిగింది ఇది. పెరట్లో మోకాలెత్తున పేరుకున్న ఒండ్రును ఎత్తించి, ఓనరు అంతా సిమెంటు చేయించేశాడు. కూరపాదులకు జానెడు నేల మిగల్లేదు. కిందివాటాలో అద్దెకుండే పంపుల మేస్త్రి పదకొండు ఖాళీ పెయింటు బకెట్లు తెచ్చి, అడుగున ఐదేసి చిల్లులు పొడిచి, మట్టీ ఎరువూ నింపి, డాబామీద ఇటుకలపై నిలబెట్టాడు. ఆరింటిలో టమాటా, మూడింటిలో మిరప, రెండింటిలో వంగ. పై వాటాలో ఉండే ఓనరు ముందే చెప్పాడు: "నా ఇల్లు చెమ్మెక్కిందో, ఆ రోజే బకెట్లన్నీ రోడ్డుమీదికి."

టమాటాలు గోలీలంత అయ్యేసరికి మేస్త్రికి జ్వరం తగిలింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. పక్కవాటాలో ఉండే బావమరిది తాపీ పని చేస్తాడు. "నువ్వు పడుకో బావా, మొక్కల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. అందులో మూడు రోజులు వాన.

ఐదో రోజు మధ్యాహ్నం మేస్త్రి గోడ పట్టుకుని మెట్లెక్కాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది. టమాటా మొక్కలు తలలు వేలాడేసి, ఆకులు పసుపెక్కి ఉన్నాయి. దాహమనుకుని చెంబుడు నీళ్లు పోయబోయి, ఎందుకో మట్టిలో వేలు పెట్టి చూశాడు. వేలు బురదలోకి దిగబడింది. కుళ్లు వాసన గుప్పుమంది. బకెట్టు వంచి అడుగు చూశాడు. ఐదు చిల్లులూ ట్యాంకులకు పెట్టే లప్పంతో మూసేసి ఉన్నాయి. బొటనవేలితో అదిమి, తడిగుడ్డతో తుడిచి, అద్దంలా నునుపు చేసిన పని. అంత నునుపు చేసే చెయ్యి ఆ వీధిలో ఒక్కటే.

పదకొండూ వంచాడు. పదకొండూ అంతే.

"ఒరేయ్! పైకి రా!"

బావమరిది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాలే మేస్త్రి భార్య.

"ఏంటి బావా, జ్వరం తగ్గిందా?"

"తగ్గి నీ తలకెక్కింది. ఎవడు మూయమన్నాడు ఇవి?"

"ఓనరు గారి పడగ్గది గోడ చెమ్మెక్కింది బావా. నీ బకెట్లే అన్నాడు. నేనే సర్దిచెప్పా. మా బావది తప్పే, ఇకమీద చుక్క కారదు, పూచీ నాది అన్నా. లేకపోతే ఆ రోజే పారేయించేవాడు."

"నాది తప్పని చెప్పావా?"

"మాటవరసకి..."

"నలభై ఏళ్లు పైపులు బిగించినవాణ్ణిరా నేను! నా బకెట్ల నీళ్లు తూము దారిన పోతాయి. ఆ గోడ వెనకున్నది ఆయన బాత్రూం పైపు. కళ్లున్నవాడెవడైనా చెబుతాడు. నన్నడక్కుండా నా తప్పు ఒప్పుకోవడానికి నువ్వెవడివి?"

"నీ మంచికే కదా బావా. చూడు, ఎంత శుభ్రంగా మూశానో."

"రేపు నా సమాధికి కూడా ఇంతే శుభ్రంగా కొడతావు సున్నం!"

"మెల్లగా! కింద ఓనరుకు వినిపిస్తుంది" అంది భార్య.

"వినపడనీ. నీ తమ్ముడు నాకు చేసిన మంచి వీధంతా వినాలి."

"అక్కా, నువ్వైనా చెప్పవే..."

అక్క ఒక టమాటా మొక్కను పట్టుకు లాగింది. వేరు రాలేదు, కాడ మాత్రం ఊడి చేతికొచ్చింది. దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి మెట్లు దిగిపోయింది. ఎక్కడ పడేయాలో తెలియక వాడు దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ పూట మేస్త్రి అన్నం ముట్టలేదు. వరదమీద కూడా అతనికి ఇంత కోపం రాలేదు. వరద ఎవరి మంచీ కోరి రాలేదు.

మర్నాడు పొద్దున్నే మేకూ సుత్తీ పట్టుకెళ్లి పదకొండు బకెట్లకూ మళ్లీ చిల్లులు పొడిచాడు, ఈసారి ఎనిమిదేసి. నల్లనీళ్లు బొళబొళా దిగి, తూములోంచి ఓనరు కిటికీ పక్కగా పారాయి. మిగిలిన టమాటా మొక్కలన్నీ పీకేశాడు. వంగ చచ్చింది. మిరపలో రెండు బతికేలా ఉంటే నీడకు జరిపాడు. ఆ తర్వాత పైపు రెంచి తెచ్చుకుని, బురదకాళ్లతోనే పోయి ఓనరు బెల్లు నొక్కాడు.

"ఎవరూ?" అని లోపల్నుంచి కేక.

"మీ పైపు చూపిస్తా, రండి" అన్నాడు. తలుపు తీసేదాకా వేలు మాత్రం తీయలేదు.