తాళం వేసిన సీరియల్

“ఆ సీరియల్ కొన్నది చూపించడానికి కాదమ్మా. ఇంకెవడూ చూపించకుండా ఉండటానికి,” అన్నాడు పెద్ద ఓటీటీ కంపెనీ మేనేజర్ గూ, చేతిలో కాఫీ కప్పు కింద పెట్టకుండానే.

ఎదురుగా దోంగ్‌సోక్ తల్లి నిలబడి ఉంది. ఓడలు కట్టే కార్మికుల మీద తీసిన ఆ సీరియల్ షూటింగ్‌లో క్రేన్ మీంచి పడి చచ్చిపోయిన నటుడు ఆమె కొడుకే. వాడు తెర మీద నడుస్తుంటే ఒక్కసారి చూడాలని ఆమె ఆశ. అసిస్టెంట్ డైరెక్టర్ మిరాన్ ఆమెను వెంటబెట్టుకొచ్చింది.

“మీరు వెయ్యకపోతే ఆ చిన్న ఓటీటీకైనా ఇవ్వండి సార్. వేస్తామంటున్నారు,” అంది మిరాన్.

“ఇస్తే జనం అటు పోరా? వాళ్ళకి ఒక్క సినిమా ఇచ్చిన నిర్మాత సరుకు మా గడప తొక్కదు. సియోల్‌లో సగం టీవీలు మావే, వాటిలో వాళ్ళ యాప్ ఉండదు. చెప్పి పంపించు ఈవిణ్ణి.”

ఆ రాత్రి వేడి సూపులో అన్నం వేసిచ్చే గుక్‌బాప్ హోటల్లో యూనిట్ అంతా కూర్చుంది.

“షూటింగ్ మొదలెట్టే పూజ రోజున, ఆచారం ప్రకారం పెట్టిన పంది తల ముందు సాగిలపడి, పెద్ద కంపెనీయే కొనాలని మొక్కిందెవరు?” లైట్లు చూసే తాక్ బల్ల గుద్దాడు.

“నేనూ మొక్కాను అన్నా. పంది నోట్లో డబ్బు నోటు కూడా కుక్కాను,” అంది మిరాన్. “ఇప్పుడేం చేద్దాం, అది చెప్పు.”

“మన దగ్గరున్న కాపీ ప్రొజెక్టర్‌తో వాళ్ళ ఆఫీసు గోడ మీదే వేద్దాం,” అన్నాడు తాక్.

“దొంగలంటారు!” అంది మేకప్ మనిషి.

“అననీ. చేసింది మనం, దాచింది వాళ్ళు. దొంగెవడో జనమే చూస్తారు.”

మర్నాడు సాయంత్రం ఆ ఆఫీసు ముందు రోడ్డంతా జనం. తల్లి ముందు వరసలో చాప మీద కూర్చుంది. దోంగ్‌సోక్ రాబోయే సీనుకి ముందే పోలీసులు కరెంటు పీకేశారు.

“అయిపోయిందా?” అందామె అమాయకంగా.

అంతలో తాక్ లేచి తర్వాతి డైలాగ్ అందుకున్నాడు. ఎన్ని టేకులు విన్నాడో, ఒక్క ముక్క పోలేదు. అతన్ని ఈడ్చుకెళ్ళారు. మేకప్ మనిషి అందుకుంది. ఆమెను జుట్టు పట్టి లాగారు. అప్పుడు దోంగ్‌సోక్ వంతు వచ్చింది.

మిరాన్ లేచింది. వాడిలాగే భుజం వంచి నాలుగడుగులు వేసింది. నోరు తెరిచేలోపే లాఠీ పడి కూలిపోయింది.

తల్లి మిగిలిన యూనిట్ వాళ్ళ వైపు తిరిగింది. “నా కొడుకు ఇక్కడ ఏమన్నాడు? చెప్పండర్రా!”

చెప్పారు. ఆమె ఆ గోడకెదురుగా నిలబడి గొంతు చించుకుని అరిచింది:

“మా చేతుల్తో కట్టిన ఓడ ఇది! మమ్మల్నే ఎక్కనివ్వవా?”

రోడ్డు రోడ్డంతా అదే మాట అరిచింది. పోలీసులు ఇంకో బండి పిలిపించారు.