పదిహేను రూపాయల కార్డు

మల్లేశ్వరరావు గారిని మొదట్లో పీనాసి అనుకున్నాను. తరవాత పిచ్చివాడనుకున్నాను. ప్రతి శనివారం పొద్దున్నే ఒక్క తెల్లచొక్కా ఇస్త్రీకి తెచ్చేవారు. సాయంత్రం వచ్చి తీసుకుని, పదిహేను రూపాయలకి క్రెడిట్ కార్డు బయటికి తీసేవారు.

భిలాయ్‌లో, రిసాలి పేటలో నాది చిన్న డ్రైక్లీనింగ్ షాపు. పాన్ డబ్బా వాడు కూడా క్యూఆర్ అంటించుకున్న ఈ రోజుల్లో కార్డు ఇచ్చేదెవరు? పెళ్ళిళ్ళ సీజన్లో పట్టుచీరలు, కోట్లు తెచ్చే ఆఫీసర్ల ఇళ్ళవాళ్ళు ఒకరో ఇద్దరో. వాళ్ళ కోసమని మెషిన్ పెట్టుకున్నాను. వాడినా వాడకపోయినా దానికి నెలనెలా అద్దె. చారానా కోడికి బారానా మసాలా.

“ఏటన్నయ్యగారూ, పదిహేను రూపాయలకి కార్డేటి? మీకాడ చిల్లర లేదేటి?” అని ఒకసారి కసిరాను.

ఆయన నొచ్చుకోలేదు. మెషిన్ వంకే చూస్తూ నిలబడి, “పాసైందామ్మా?” అని అడిగారు. అయిందన్నాక చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు. ప్రతి వారం అదే వరస.

ఏప్రిల్లో ఇక విసుగొచ్చి, మెషిన్ బ్యాంకుకి తిరిగిచ్చేస్తున్నానని చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. స్టూలు మీద కూలబడ్డారు.

“ఈ కార్డు నాది కాదమ్మా. మా ఆవిడ కుముదినిది. టీచరుగా చేసినప్పుడు తన కార్డు మీద నాకోటి తీసిచ్చింది. మూడేళ్ళయింది, విజయనగరం ఎల్లిపోయింది. నా ఫోనెత్తదు.”

“ఎందుకెల్లిపోయారు?”

“ముప్పై నాలుగేళ్ళు స్టీల్‌ప్లాంటు కోకోవెన్‌లో, బొగ్గు కొలిమిల కాడ షిఫ్టులు చేసేను. ఇంటికొచ్చి పడుకోడమే. రిటైరై కూకున్నాక కూరలో ఉప్పు కాణ్ణించి ఆవిడ నడక దాకా అన్నీ తప్పులెన్నేను. ఒకరోజు పెట్టె సర్దుకుంది.”

కార్డు మాత్రం ఆవిడ ఆపించలేదు. తలుచుకుంటే ఒక్క నిమిషంలో ఆపెయ్యొచ్చు. గీకిన ప్రతిసారీ మెసేజ్ వెళ్ళేది ఆవిడ ఫోనుకే. శనివారం కార్డు పాసైతే, ఆవిడ ఇంకా తెంచుకోలేదని ఆయన నమ్మకం.

“పెద్దవి కొంటే ఆవిడకి భారం. పదిహేను రూపాయలకైతే కోపం రాదు గావాల,” అన్నారు.

మెషిన్ తిరిగివ్వలేదు. ఎలా ఇస్తాను?

ఆ రోజే చీటీని సరిగ్గా చూశాను. బోర్డు మీద న్యూ దుర్గ్ డ్రైక్లీనర్స్ అని ఉంటుంది గానీ, బ్యాంకు ఫారంలో నేను నా పేరే రాశాను. చీటీ మీద ‘కనకరత్నం, రిసాలి’ అని పడింది. మెసేజ్‌లోనూ అంతే వెళ్తుంది.

“ఓర్నాయనో! వారం వారం ఆడమనిషి పేరు సూసి ఆవిడేటనుకుంటాది?” అన్నాను.

ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. నేనూ నవ్వాను. కానీ ఆ సంగతి నా మనసులో ఉండిపోయింది. ఈ ఊళ్ళో అందరికీ నేను దీదీని, ఆంటీని. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లల్లేరు. కనకరత్నం అని పిలిచేవాళ్ళే లేరు. అలాంటిది ఎక్కడో విజయనగరంలో ఒకామె వారానికోసారి ఆ పేరు చదువుతోంది. తలుచుకుంటే కాస్త సిగ్గేసేది, కాస్త బాగుండేది.

జూన్ మొదటి శనివారం కార్డు పాసవలేదు. తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. నేను ఏదో అనేలోపే ఆయన తెరమీద చూసేశారు. చొక్కా తీసుకోలేదు. కార్డు కౌంటర్ మీదే వదిలేసి, సాయంత్రపు ఎండలోకి దిగి వెళ్ళిపోయారు.

రెండు శనివారాలు రాలేదు. చొక్కా హ్యాంగర్‌కే వేలాడుతోంది. దానివంక చూడలేక కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. అప్పుడు కనిపించింది. దాని గడువు మే నెలతో తీరిపోయింది. కళ్ళుండీ చూడలేదని నన్ను నేనే తిట్టుకుని, షాపు మూసి, ఆటోలో పక్కనున్న మరోదా బస్తీకి వెళ్ళాను. కంపెనీ క్వార్టరు వదిలేశాక ఆయన అక్కడే ఒక గది అద్దెకి తీసుకున్నారు.

“అన్నయ్యగారూ, ఆవిడ ఆపలేదండీ! తేదీ అయిపోయింది, అంతే!”

ఆయన మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

“కొత్త కార్డు ఆవిడ ఇంటికే ఎల్తాదమ్మా. ఆవిడ పంపాల కదా. ఈ గది అడ్రసు కూడా ఆవిడకి తెల్దు.”

“మెసేజ్ పెట్టి అడగండి.”

“అడిగి తెప్పించుకుంటే ఏటి లాభం?”

 ఖాళీ చేతుల్తో వచ్చేశాను.

జూలైలో, వాన పడుతుండగా, పోస్ట్‌మ్యాన్ తడిసిన గొడుగుతో మెట్టెక్కాడు. “కనకరత్నం కౌన్ హై, దీదీ? నాలుగు గల్లీలు తిరిగాను.”

“మై హీ హూఁ, భయ్యా,” నేనేనని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కవరు మీద గుండ్రటి టీచరు రాతలో నా పేరు, కింద రిసాలి, భిలాయ్. లోపల కొత్త కార్డు, ఒక కాగితం.

‘కనకరత్నం గారికి, మీరెవరో నాకు తెలియదు. ఆయన వారం వారం మీకు పదిహేను రూపాయలిస్తారని మాత్రం తెలుసు. ఐదు శనివారాలుగా మెసేజ్ రాలేదు. మనిషి బాగున్నారా? ఈ కార్డు ఆయనకివ్వండి. మీ దగ్గర ఏం కొనుక్కుంటున్నారో గానీ, అది మానొద్దనండి. నేను మాత్రం రాను. కుముదిని.’

కబురు పెడితే ఆయన తడుస్తూ వచ్చారు. ముందు చొక్కా డబ్బులకి కార్డు పెట్టించారు. పాసైంది. తరవాత ఉత్తరం చదివి వినిపించాను. ‘నేను మాత్రం రాను’ దగ్గర ఆగాను గానీ, దాచలేదు. ఆయన మెషిన్ మీద చెయ్యి ఆనించారు.

“ఆ కాయితం ఇలాగియ్యమ్మా,” అన్నారు.

ఇచ్చెయ్యాల్సిందే. అందులో ఉన్నదంతా ఆయన గురించే. అయినా చెయ్యి రాలేదు.

“కార్డు మీదన్నయ్యగారూ. ఉత్తరం నా పేరున వచ్చింది.”

ఆయన నా వంక చూశారు. కార్డు జేబులో పెట్టుకుని, చొక్కా తీసుకుని వెళ్ళారు. షాపు మూసేముందు కవరు తీసి, దాని మీది పేరు ఒకసారి పైకే చదువుకున్నాను.