కడుపు ఎవరి పోలిక?

సెలవులు అయ్యి అమ్మమ్మ ఇంటి నుంచి మనవరాలు తిరిగొచ్చిన ప్రతిసారీ నాయనమ్మకు రెండు పనులు తప్పేవి కావు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దాడటం ఒకటి, ఎంత ఒళ్ళు చేసిందో చూసి లోలోపల కుళ్ళుకోవడం ఇంకొకటి. ఈసారి బుగ్గలు నిండాయి. కళ్ళకింద నలుపు పోయింది. పై అంతస్తుకు చేయి పట్టుకోకుండా గెంతుకుంటూ ఎక్కేసింది.

"ఏం పెట్టిందే మీ అమ్మమ్మ?"

"అన్నం, గుడ్డు."

"రోజూ అదేనా?"

"కాదు. ఒక్కోరోజు గుడ్డు, అన్నం."

నాయనమ్మకు ఒళ్ళు మండింది. వియ్యపురాలికి కుట్టుమిషను తప్ప లోకం తెలియదు. ఆవిడ గౌను కుడితే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే కానీ, పొయ్యి దగ్గర మాత్రం ఆవిడ చేయి మొద్దు. నాయనమ్మ అలా కాదు. బేకరీలో ఏళ్ళ తరబడి పిండి పిసికిన చేయి ఆవిడది. ఉద్యోగం మానేశాక కూడా పొద్దున్నే లేచి ఇంట్లో బన్నులు కాల్చేది. ఆ వాసనకు కింది వాటా వాళ్ళు సైతం ఏదో వంక పెట్టుకుని మెట్లెక్కి వచ్చేవాళ్ళు. ఊరంతా లొట్టలేసుకుని తినే బన్ను సొంత మనవరాలి ఒంటికి పట్టకపోవడమేమిటి?

పట్టడం లేదన్నది మాత్రం నిజం. వారం తిరక్కుండానే పిల్ల పొట్ట పట్టుకుని మూలన చేరింది. పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, చిరాకు పడుతుంది, బడికి వెళ్ళనంటుంది. మళ్ళీ అమ్మమ్మ ఇంటికి వెళ్తే మామూలే. దానికి తోడు చూసినవాళ్ళందరూ, "ఆ ముక్కు, ఆ జుట్టు, ఆ నవ్వు, అచ్చం అమ్మమ్మే!" అనేవాళ్ళు. అందులో తన వాటా ఏమీ లేదా అని నాయనమ్మ అద్దంలో తన ముక్కును పక్కకు తిప్పి తిప్పి చూసుకున్న రోజులూ ఉన్నాయి.

ఒక సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణంలో పని ముగించుకుని ఇంటికొచ్చిన కోడలు, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, కోప్పడకండి. కొన్నాళ్ళు మనింట్లో గోధుమ, దాంతో చేసే మైదా మానేసి చూద్దామా? కొందరికి గోధుమలో ఉండే గ్లూటెన్ పడదంట. అమ్మ వాళ్ళింట్లో గోధుమపిండి ఊసే ఉండదు కదా. ఫోన్లో మాట్లాడుతుంటే అమ్మే అంది."

"ఎవరన్నారూ?"

"అమ్మ."

నాయనమ్మ చేతిలో ఉన్న పిండిముద్దను పళ్ళెంలోకి ధడేలున పడేసింది.

"అంటే మీ అమ్మ పెట్టేది అమృతం, నేను పెట్టేది విషమా?"

"అయ్యో, నేనలా అన్నానా అత్తయ్యా?"

పక్కగదిలోంచి, బస్సు డ్రైవరుగా పనిచేసే ఆవిడ కొడుకు గొంతు వినిపించింది. "అమ్మా, ఆ బన్నులు తినే నేనింతవాణ్ణయ్యాను, నాకేం కాలేదుగా." తల్లి ముఖం వికసించేలోపే, "అయినా చూస్తే పోయేదేముంది?" అని తోక తగిలించాడు.

నాయనమ్మ ఆ పూటంతా మూతి ముడుచుకుని కూర్చుంది. పొద్దుటికల్లా సరేనంది. పిల్ల మీద జాలితో ఒప్పుకుందని కోడలు మురిసిపోయింది కానీ, ఆవిడ లెక్క వేరు. గోధుమ మానేసినా పిల్లకు నొప్పి తగ్గదు. అప్పుడు వియ్యపురాలి మాట తేలిపోతుంది. అందుకని పరీక్ష పకడ్బందీగా జరగాలి. రేపు ఎవరూ "ఎక్కడో పొరపాటు జరిగింది" అనడానికి వీల్లేకుండా ఉండాలి.

అంత పట్టుదలతో ఆ ఇంట్లో అంతవరకూ ఏ పనీ జరగలేదు. ఆవిడ పిండి డబ్బాలను కింది వాటా వాళ్ళకు ఇచ్చేసింది. అలమార కడిగింది. భూతద్దం పెట్టి ప్రతి ప్యాకెట్ మీది చీమతలకాయంత అక్షరాలూ చదివింది. బిస్కెట్లు సరే, సూప్ పొడిలో గోధుమ, సోయా సాస్‌లో గోధుమ. "దొంగలా ఎక్కడెక్కడ దూరిందే ఇది!" అని ఆవిడే ఆశ్చర్యపోయింది. ఇంటిల్లిపాదీ అదే తిండి తిన్నారు. కొడుకు దారిలో సమోసా తిని వస్తే షర్టు మీది పొడి చూసి పట్టుకుని, గుమ్మంలోనే దులిపించింది.

ఇంత చేస్తే జరిగిందేమిటి? పిల్ల కోలుకుంది. ముందు నొప్పి పోయింది, తర్వాత ఆకలి పుట్టింది, ఆ తర్వాత అల్లరి మొదలైంది. కోడలు ఫోన్లో తన తల్లికి ఆ సంగతి చెబుతుంటే నాయనమ్మ అటువైపు వినపడేలా గిన్నెలు తోమింది.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆవిడకు కూడా బాగుంది. మధ్యాహ్నమయ్యేసరికి పొట్ట రాయిలా బిగుసుకోవడం, నోట్లో పుళ్ళు, నాలుగడుగులేస్తే నీరసం, అన్నీ వయసుతో వచ్చినవేననుకుంది ఇన్నాళ్ళూ. బేకరీలో ఉన్నప్పుడూ ఉన్నాయవి. అప్పుడు పొయ్యి వేడి అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ లేదు. చీర కుచ్చిళ్ళు కూడా సులువుగా దోపుకోగలుగుతోంది. కానీ నోరు విప్పితే వియ్యపురాలి గెలుపుకు తానే దండ వేసినట్టవుతుంది. ప్రాణం పోయినా ఆ మాట బయటపెట్టకూడదనుకుంది.

"ఇప్పుడు మళ్ళీ ఒకసారి పెట్టి చూడాలి అత్తయ్యా, అప్పుడు గానీ ఖాయం కాదు" అంది కోడలు. నాయనమ్మ ఆఖరి ఆశతో నడుం బిగించింది. కింది వాటా నుంచి తన పిండి తానే అరువు తెచ్చుకుని, జీవితంలో ఎన్నడూ కాల్చనంత మెత్తటి బన్నులు కాల్చింది. పిల్ల కళ్ళు మూసుకుని తింది. ఆవిడా రెండు తింది.

మర్నాడు కోడలు దుకాణం నుంచి వచ్చేసరికి ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. మంచం మీద నాయనమ్మా మనవరాలూ ఒకే వైపు తిరిగి, ఒకేలా మోకాళ్ళు ముడుచుకుని, బొడ్డు పక్కన ఒకే చోట చేయి పెట్టుకుని పడుకుని ఉన్నారు.

కోడలు మంచం అంచున కూర్చుంది.

"మీకెన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

నాయనమ్మ గోడవైపు చూస్తూ, "నీ పెళ్ళికి ముందు నుంచి" అంది.

డాక్టరమ్మ వాళ్ళ కథంతా విని తల పట్టుకుంది. "ముందు నా దగ్గరికి రావాల్సింది. గోధుమ మానేసి వస్తే రక్తపరీక్షలో ఏమీ కనబడదు. ఇద్దరూ కొన్ని వారాలు రోజూ కొంచెం తిని రండి. పాపకు మరీ బాధగా ఉంటే ఆగకుండా తీసుకొచ్చేయండి."

ఆ వారాలు ఇద్దరికీ కష్టంగానే గడిచాయి. కానీ నాయనమ్మకు జీవితంలో అంత సంబరం ఎన్నడూ లేదు. పిల్ల, "నాయనమ్మా, నీకూ ఇక్కడేనా?" అని తన పొట్ట మీద వేలు పెట్టి చూపించేది. "అక్కడే తల్లీ, సరిగ్గా అక్కడే" అనేది ఆవిడ. వేడినీళ్ళ సంచీ ఇద్దరూ వంతులవారీగా పెట్టుకునేవాళ్ళు. అమ్మమ్మకు తెలియని నొప్పి అది!

ఇద్దరి రక్తంలోనూ గోధుమ పడని ఆ జబ్బే తేలింది. ఇంకో పరీక్ష కూడా చేసి రూఢి చేశారు. "వంశంలో వస్తుందిది, ఒక్కోసారి మధ్యలో ఒక తరాన్ని వదిలేస్తుంది కూడా. ఇంట్లో అందరూ చూపించుకోండి" అంది డాక్టరమ్మ. కొడుక్కీ కోడలికీ ఏమీ లేదు. డాక్టరమ్మ చెప్పిన లెక్కలోనే కొన్ని వారాలు రోజూ గోధుమరొట్టె తిని, ఎవరూ పిలవకుండానే బస్సెక్కి వచ్చి అమ్మమ్మ కూడా పరీక్ష చేయించుకుంది.

ఫలితం తీసుకోవడానికి ఆవిడకు తోడుగా నాయనమ్మే వెళ్ళింది. బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాక అమ్మమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"నాకేం లేదంట వదినగారూ."

"మంచిదేగా."

"మంచిదే." ఆవిడ కాగితం మడిచింది. "కానీ రక్తం మరీ కొంచెమే తీశారు. ఇంకోసారి చేయించుకుంటే బాగుంటుందేమో? పిల్ల నా పోలికని అందరూ అంటారు కదా."

"ముక్కు మీదే వదినగారూ, నేను కాదన్నానా?" అంది నాయనమ్మ, నవ్వు ఆపుకోలేక పమిట అడ్డం పెట్టుకుంటూ. "కడుపు మాత్రం నాది."

అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. ఆ చిన్నబుచ్చుకోవడం నాయనమ్మకు కొత్త కాదు. తన ముఖంలో అది ఎన్నాళ్ళుందో తనకే తెలుసు. చూస్తూ చూస్తూ మనసు కరిగింది. లేచి, ఎదురుగా ఉన్న బండి దగ్గరికి వెళ్ళి, వేడివేడి పఫ్ ఒకటి కాగితంలో చుట్టించుకుని తెచ్చి వియ్యపురాలి చేతిలో పెట్టింది.

"తినండి. మీకేం భయం?"

"మరి మీరో?"

"నాకు పడదుగా."

అమ్మమ్మ కొరికింది. పొరలు పొరలుగా విరిగి, పొడి ఒళ్ళో రాలింది. వెన్న వాసన గుప్పుమంది. "అబ్బ, ఎంత బాగా కాల్చాడో" అంటూ ఆవిడ వేళ్ళు నాకింది.

నాయనమ్మ గుటక మింగి, బస్సు వస్తోందేమోనని రోడ్డుకేసి చూసింది.