అక్క పంపిన చెంచా

నేను ఒక ఇత్తడి చెంచాను. అది కూడా సగమే నిజం. ఇప్పుడు నాకు కాడ లేదు. రెండు కొసల్లో రెండు చిల్లులు, ఒక చిల్లుకి మూడు ముళ్ల గాలం. నన్ను చూసినవాళ్లు చెంచా అనరు, చేపల్ని మోసం చేసే రేకు అంటారు. అయినా చూసేవాళ్లెవరున్నారు కనక! నేనున్న చోట, నెత్తిమీద గడ్డకట్టిన మంచులోంచి ఎంత వెలుతురు దిగితే అంతే పగలు.

నేను బుడితిలో ఒక కంచరి కొలిమిలో పుట్టాను. పగిలిన గంట ఒకటి, సొట్టలు పడ్డ మరచెంబు ఒకటి కరిగిస్తే నేనూ, నాతోపాటు మరో పదకొండు చెంచాలూ వచ్చాం. సంతలో నన్ను కొన్నది సముద్రం ఒడ్డు ఊరి మనిషి, సూరాడ దాలమ్మ. మనుషులకి ఒక చిత్రమైన జబ్బుంది. గిన్నె కొన్నా గరిటె కొన్నా దాని మీద పేరు కొట్టించుకుంటే గాని అది తమదని నమ్మకం కుదరదు. దాలమ్మ కూడా నా కాడ మీద చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించింది. ఏడాది తిరక్కుండానే కొడుకుని కని, మూడు నెలల పసివాణ్ని వదిలేసి కన్నుమూసింది. పేరు మాత్రం నా కాడ మీద ఉండిపోయింది.

ఆ పసివాడు ధనరాజు. వాడికి తల్లయింది పదమూడేళ్ల అక్క గన్నెమ్మ. వాడి నోట్లో మొదటి ఉగ్గు పోసింది నేనే. గన్నెమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని నన్ను పెదాల దగ్గరికి తెస్తే, చిగుళ్లు బిగించి నన్ను వదిలేవాడు కాదు. "ఓలమ్మా, సెంచా మింగీసేలా ఉన్నాడు!" అని ఆ పిల్ల నవ్వుతూ లాగేది. నేను ఎన్నో నోళ్లు చూశాను గాని అంత గట్టిగా పట్టుకున్న నోరు మరొకటి లేదు. కొన్నాళ్లకి గన్నెమ్మకి కారి పోలయ్యతో పెళ్లయింది. పెళ్లికూతురి వెంట సారెతోపాటు చంకలో తమ్ముడు కూడా అత్తారింటికి వచ్చాడు. పోలయ్య ఒక్క మాట అనలేదు. సొంత కొడుకులాగే పెంచాడు.

పోలయ్య గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. అతను మంచివాడు. పైగా సముద్రం గురించి అతనికి తెలియనిది లేదు. నీటి రంగు చూసి గాలి చెప్పగలడు. మాకు చేటు తెచ్చిపెట్టింది ఆ తెలివే.

సముద్రంలో చేప కరువైంది. ఊళ్లో సగంమంది వలలు అటకెక్కించి దేశంమీద పడ్డారు. పోలయ్య, ఇరవయ్యారేళ్ల ధనరాజు హిమాచల్ కొండల్లో సొరంగం పనికి బయల్దేరారు. గన్నెమ్మ ఎండు రొయ్యల పొడి కొట్టి డబ్బాకెత్తి, అందులో నన్ను గుచ్చింది. "సేత్తో తియ్యకండి, బూజట్టీస్తాది. సెంచాతో తీసుకోండి" అంది. బస్టాండు దగ్గర నేపాలీవాళ్ల దుకాణంలో తమ్ముడికి నీలం స్వెట్టరు కొంది. లోపల రెండు చొక్కాలు తొడుక్కోవచ్చని ఒక సైజు పెద్దదే తీసుకుంది. బస్సు కదిలేముందు మొగుడితో, "ఆణ్ని నీతో అంపుతున్నాను. నీతోనే తెచ్చీ" అంది. పోలయ్య తలూపాడు.

అక్కడ పొద్దునా సాయంత్రం రొట్టెలు, పప్పు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లకి చేప లేని తిండి తిండి కాదు. క్యాంపు పైన ఒక పాత జలాశయం ఉంది. దాని కాపలాదారు తుల్సీరామ్ అనే ముసలాయన చీటీ రాసిచ్చి ట్రౌట్ చేపలు పట్టుకోనిచ్చేవాడు. ఒళ్లంతా ఎర్ర చుక్కలున్న ఆ చేపకి వల పనికిరాదట. సన్నని కర్ర, సన్నని తీగ, ముందర తళతళలాడే రేకు కావాలట. ధనరాజుకి తళతళలాడేది డబ్బాలో కనపడింది. వెల్డింగు షెడ్డుకి తీసుకెళ్లి రంపంతో నా కాడ కోసేశాడు.

"మీ అక్క నిన్ను సంపీస్తాది" అన్నాడు పోలయ్య.

"ఇంటికెల్లేక ఎల్డింగ్ ఎట్టీస్తాను బావా. కాడ డబ్బాలోనే ఉంచుతాను గదా" అన్నాడు ధనరాజు.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. కాని నీళ్లలో పడ్డాక సరదా కూడా వేసిందని ఒప్పుకోవాలి. జీవితమంతా నోళ్ల దగ్గరికి వెళ్లినదాన్ని. ఇప్పుడు నోళ్లే నా వెంటపడ్డాయి. చలి ముదిరే ముందు ట్రౌట్ ఒడ్డుకొచ్చి దొరికిందల్లా తింటుంది. తీగ మెల్లగా చుడుతుంటే నేను అటూ ఇటూ ఊగుతూ పోయేదాన్ని. పాపం, అవి నన్ను చిన్న చేపపిల్ల అనుకునేవి. ఆ ట్రౌట్‌ని ధనరాజు చింతపండు పోసి పులుసు పెట్టాడు. తుల్సీరామ్ ఒక ముద్ద తిని కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ గిన్నె చాపాడు. ఆ ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్న సాయంత్రాలే నా బతుకులో మంచి రోజులు.

ఆ ఏడు చలి ముందే దిగింది. గురువారం ఆఖరి లారీలో కూలీలంతా కిందికి దిగిపోవాలి, తర్వాత దారి మూసుకుపోతుంది. ఆదివారం పొద్దున బావాబామ్మర్దులు చివరిసారి జలాశయానికి వచ్చారు. నీళ్ల అంచున మంచు పలచగా పెంకు కట్టింది. ఆ నీళ్ల కింద ఒకప్పుడు ఆపిల్ తోట ఉండేది. మునిగిన మాన్లు ఇంకా నిలబడే ఉన్నాయి. మూడోసారి విసిరినప్పుడు నేను పోయి ఒక మాను కొమ్మకి తగులుకున్నాను.

"తెంపీరా. పోతే పోనాది" అన్నాడు పోలయ్య.

"అక్క సెంచా బావా. అమ్మ పేరున్న కాడ ఒకటీ తీసుకెల్లి సేతిలో ఎడితే ఏటనుకుంటాది?" అని ధనరాజు కర్ర బావ చేతికిచ్చి బూట్లు విప్పాడు. తుల్సీరామ్ దూరంనుంచి చేతులూపుతూ అరిచాడు. "సముద్రంలో పుట్టినోడికి ఇవీ ఒక నీల్లా!" అని ధనరాజు నవ్వి, స్వెట్టరుతోనే దూకేశాడు.

నా దగ్గరికి వచ్చేసరికే వాడి వేళ్లు కొయ్యబారాయి. అయినా ఓపిగ్గా ముల్లు ఒక్కొక్కటీ విడిపించాడు. విడిపించి, తీగని రెండుసార్లు లాగాడు. లాగేయమని బావకి గుర్తు. పోలయ్య గబగబా చుట్టాడు. నేను పైకి పోతూ చూశాను. వెనక మెడ దగ్గర, ఆ వదులు స్వెట్టరు అల్లికలోకి కొమ్మ ఒకటి దూరిపోయి ఉంది. ధనరాజు ఒకసారి గుంజుకున్నాడు. ఇంకోసారి గుంజుకున్నాడు. అంతలో నేను వెలుతుర్లోకి వచ్చేశాను.

"ఒచ్చీసిందిరోయ్!" అని పోలయ్య నన్ను అరచేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎంతసేపుందో నేను చెప్పలేను. తర్వాత నీళ్లవైపు చూశాడు. దూకబోతే తుల్సీరామ్ వెనకనుంచి నడుం పట్టుకుని కింద పడేశాడు. వదిలితే ఇద్దరు పోయేవాళ్లు.

మధ్యాహ్నానికి పోలీసులు, తెలుగు తెలిసిన సైటు ఇంజినీరు తాళ్లు, కొక్కేలు పట్టుకుని వచ్చారు. మునిగిన చోటే కొక్కేలు దింపుతామన్నారు. పోలయ్య ఇంజినీరు కాళ్లమీద పడ్డాడు. "బాబ్బాబు, కొక్కేలెయ్యకండి. ఒళ్లు సీరిపోతాది. ఆల్లక్క సూడలేదు. గంగమ్మ తల్లి ఎవర్నీ ఉంచీసుకోదు బాబూ, మూడో పొద్దుకి ఒడ్డునెడతాది. మా అయ్యనీ అలాగే ఇచ్చింది." అది నిజమే. అతని తండ్రి వేటకి పోయి మునిగితే మూడో రోజు పొద్దున్నే ఇసకలో దొరికాడు. తుల్సీరామ్ తల అడ్డంగా ఊపుతూ, ఈ నీళ్లు చల్లనివి, వీటిలో ఏదీ తేలదు, నిరుడు పడిన ఎద్దు ఎండాకాలానికి గాని పైకి రాలేదని చెప్పాడు. అది హిందీలో చెప్పాడు. పోలయ్యకి ఎద్దు అన్న మాట అర్థమై ఒళ్లు మండింది. అధికారులు మాత్రం పోలయ్య మాటే విన్నారు. ఆ చలిలో నీళ్లకి దగ్గరగా నిలబడాలని వాళ్లకీ లేదు. ఒక పేదవాడి మాట అంత త్వరగా చెల్లుబాటైంది నేను అప్పుడే చూశాను.

సాయంత్రం కబురు తెలిసి గన్నెమ్మ ఫోను చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పోలయ్య, "మూడో పొద్దుకి ఒస్తాడే. తెచ్చీస్తాను" అన్నాడు. అవతల ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంది. తర్వాత, "అంటే బుధవారం" అంది. ఆవిడా సముద్రం ఒడ్డు మనిషే. ఆవిడా నమ్మింది.

ఆ మూడు రోజులూ పోలయ్య జేబులో ఉన్నాను. మునిగినవాడు మునిగినచోట ఉండడు, నీరు లాగినవైపు పోతాడు. సముద్రంలో అది ఎదురులేని మాట. అందుకని అతను ఆనకట్ట పక్కన, అవతలి ఒడ్డున, తూముల దగ్గర తిరిగాడు. తోట ఉన్న వైపు ఒక్కసారి తిరిగి చూడలేదు. వాడు విప్పిన బూట్లు మాత్రం అక్కడే ఉంచి, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అక్కడే ఉన్నాడయ్యా, బూట్లకి ఎదురుగా, మొదటి మానుకే ఉన్నాడు అని నేను లోపల్లోపల ఎంత మొత్తుకున్నానో! చెంచాకి గొంతిచ్చినవాడెవడు? ఆ నీరు కదలదు. అది ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోదు, ఎవర్నీ తిరిగి ఇవ్వదు.

బుధవారం తెల్లారింది, పొద్దుగూకింది. నీళ్లమీద ఏమీ లేదు. మంచు పెంకు ఒడ్డునుంచి పది బారలు లోపలికి జరిగింది. పోలయ్య కాపలా గది గుమ్మంలో కూలబడి, "మరి ముందే సెప్పొచ్చు గదయ్యా" అన్నాడు. తుల్సీరామ్ టీ గ్లాసు అతని చేతిలో పెట్టాడు.

గురువారం పొద్దున పోలయ్య ఇంజినీరు దగ్గరికెళ్లి, కొక్కేలు వేయించండి బాబూ అని బతిమాలాడు. కొక్కేలు అప్పటికే కొండ కిందికి వెళ్లిపోయాయి. పోలీసులూ వెళ్లిపోయారు. లారీ మధ్యాహ్నం బయల్దేరుతుందన్నారు. అప్పుడు పోలయ్య కర్ర తెచ్చి, జేబులోంచి నన్ను తీసి తీగకి కట్టాడు. చేపకోసం చేసిన గాలంతో మనిషిని వెతకడం మొదలుపెట్టాడు.

ఆనకట్ట మీదనుంచి విసిరాడు, తూముల దగ్గర విసిరాడు. తీగ తడిసి గడ్డకట్టి వేళ్లు కోస్తుంటే నోట్లో పెట్టుకుని వెచ్చచేసుకుని మళ్లీ విసిరాడు. ఒకచోట తీగ బరువెక్కి కదిలింది. పోలయ్య ఊపిరి బిగబట్టి మెల్లగా, చంటిబిడ్డని ఎత్తుకున్నంత మెల్లగా లాగాడు. ట్రౌట్. ఆ ఏడాది పడినవాటన్నిటిలోకీ పెద్దది. పోలయ్య దాన్ని చూసి గుండెలు బాదుకున్నాడు. గాలం విప్పి నీళ్లలో వదిలేసి, తలపట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. దాన్నే ధనరాజు పట్టి ఉంటే క్యాంపంతా తిప్పి చూపించేవాడు.

కింద లారీ హారను కొట్టింది. పోలయ్య బూట్లకోసం తోటవైపు వచ్చాడు. బూట్ల పక్కన నిలబడి, ఆశ ఉండి కాదు, చేతిలో కర్ర ఉంది కనక, ఒకసారి విసిరాడు. నేను మంచు పెంకు దాటి పడ్డాను. దిగాను. దిగుతూ నీలం రంగు చూశాను.

ముల్లు స్వెట్టరు మెడలో దిగింది. పోలయ్య లాగాడు. నేను నా మూడు ముళ్లతో పట్టుకున్నాను. బతుకులో ఏదీ అంత గట్టిగా పట్టుకోలేదు. జారితే ఇక ఎవరూ రారు, వంగినా విరిగినా వదలకూడదు అనుకున్నాను. కొమ్మ అటు పట్టుకుంది, నేను ఇటు పట్టుకున్నాను. మధ్యలో ధనరాజు ఒక్క వేలెడు కూడా కదల్లేదు. పోలయ్య పక్కకి నడిచి లాగాడు. తీగ వదులుచేసి మళ్లీ లాగాడు. ఏదైనా కాస్త కదిలినా అతనికి తెలిసేది. హారను మళ్లీ మోగింది.

"మల్లీ మానుకే" అన్నాడు పోలయ్య, తనలో తనే అనుకున్నట్టు. కత్తి తీసి తీగ కోసేశాడు.

ఆ తర్వాత మంచు మీద అడుగుల చప్పుడు కాసేపు వినిపించింది. మర్నాటికి నీళ్లన్నీ మూసుకుపోయాయి. ఇప్పుడు నేను వాడి మెడ దగ్గర, గడ్డం కిందే ఉన్నాను. పసితనంలో వాడి నోటికి ఎంత దూరంలో ఉండేదాన్నో ఇప్పుడూ అంతే దూరంలో ఉన్నాను. పెదాలు మూసుకునే ఉన్నాయి. చేపలు వస్తాయి, నన్ను చూస్తాయి, కదలనిదాన్ని ఏం తింటాయి, వెళ్లిపోతాయి.

నా కాడ ఇంటికి వెళ్లింది. రొయ్యల పొడి డబ్బాలోనే ఉంది కదా. ఏదో ఒక రోజు గన్నెమ్మ డబ్బా మూత తీస్తుంది. అమ్మ పేరున్న ముక్క చేతికి తగులుతుంది. మిగతా చెంచా ఏదని మొగుణ్ని అడుగుతుంది. పోలయ్య అబద్ధమాడే మనిషి కాదు. ఏం చెబుతాడో నాకు తెలుసు.

"మానుకి తగులుకుంటే కోసీసానే" అంటాడు.