ముందుగా ఎక్కేవాళ్ళు

విమానం ఇంకా ఆలస్యమని మళ్ళీ చెప్పారు. కూర్చున్నవాడల్లా లేచి బావ అద్దం దగ్గరికి వెళ్ళాడు. బయట ఎండలో విమానం నిలబడి ఉంది. దాని పక్కన నిటారుగా ఇనుప మెట్లు. అతనికి విమానంతో పేచీ లేదు, పేచీ అంతా ఆ మెట్లతోనే.

నిజానికి అతను ఒక్క మేస్త్రీకే బావ. మేస్త్రీ అక్కను చేసుకున్నాడు. మేస్త్రీ పిలవగా పిలవగా రాళ్ళు కోసే ముఠా మొత్తానికీ బావే అయిపోయాడు. ఇరవై ఏళ్ళుగా రాయి కోసి, నునుపు పట్టి, ఎవరెవరి ఇళ్ళలోనో నేలలు మెరిపించాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఇక బయటికి రాదని డాక్టరమ్మ చెప్పి ఏడాది కాలేదు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే గాలి అందదు. ఆగి, కమ్మీ పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని మళ్ళీ ఎక్కాలి. కిందటి ప్రయాణంలో ఆగనిచ్చిందెవరు? వెనకనుంచి సంచులతో తోసుకొచ్చారు. కళ్ళు బైర్లు కమ్మి మెట్ల మధ్య కూలబడితే, పొద్దున్నే తాగొచ్చాడని ఎవరో ఈసడించుకున్నారు. మోకాలి దెబ్బ మానింది గానీ ఆ మాట ఇంకా సలుపుతూనే ఉంది.

జబ్బున్నవాళ్ళు అడిగితే అందరికన్నా ముందు ఎక్కనిస్తారని డాక్టరమ్మే చెప్పింది. ఆ అడగడమే గండమైపోయింది. జబ్బని తెలిస్తే, ముఠాని ఇలా విమానాల్లో ఊరూరికీ పనికి పంపే కంపెనీ ఆ రోజే పనిలోంచి తీసేస్తుంది. అందుకే ముఠాలో ఒక కట్టుబాటుంది. ఎవరికి దగ్గొచ్చినా పక్కవాళ్ళు ఏదో ఒక జోకు వేసి పగలబడి నవ్వాలి, సూపర్‌వైజరు చెవిన పడకుండా. చూసేవాళ్ళు ఎంత సరదా మనుషులో అనుకుంటారు. ఈ మధ్య నవ్వులు మరీ ఎక్కువయ్యాయి.

"కూర్చో బావా, కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?" మేస్త్రీ చెయ్యి పట్టి లాగాడు.

"నేను ముందెక్కుతానురా."

"మెల్లగా! వింటాడు." సూపర్‌వైజరు ముందు వరసలో ఫోను చూసుకుంటున్నాడు. "నీ ఒక్కడితో పోతే ఎలాగో సర్దుకుందుం. నిన్ను చూశాక అందరికీ పరీక్షలు చేయిస్తారు. ఎవడు మిగులుతాడు చెప్పు? అందరి పొట్టా కొట్టినవాడివవుతావు."

"నాకు ఊపిరాడదురా ఆ మెట్లమీద."

"నేను నీ వెనకే ఉంటాగా. ఎవర్నీ తోయనివ్వను. నామీద ఒట్టు."

కిందటిసారీ ఇదే ఒట్టు. మేస్త్రీ మాట తప్పే మనిషి కాదు. ఆ రోజు మెట్ల దగ్గర సూపర్‌వైజరు కేకేస్తే పరుగెత్తాడంతే. కేకేస్తే పరుగెత్తాల్సిన బతుకు. బావకి అతనిమీద కోపం రావలసింది పోయి జాలి వేసింది.

మైకులో పిలిచారు. నడవలేనివాళ్ళు, ఒంట్లో బాగాలేనివాళ్ళు ముందుగా రావచ్చట. చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ వెళ్ళింది. బావ లేచాడు. మేస్త్రీ అతని చొక్కా అంచు పట్టుకున్నాడు.

"అక్క మొహం చూసైనా ఆగు బావా."

"మీ అక్క మొహం మళ్ళీ చూడాలనేరా పోతున్నా," అని చొక్కా విడిపించుకున్నాడు.

గేటు దగ్గరి అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. కాళ్ళూ చేతులూ సవ్యంగానే ఉన్నాయి మరి. "మీకేమైంది అంకుల్?"

అతను నోరు తెరిచేలోపే భుజంమీద చెయ్యి పడింది. సూపర్‌వైజరు ఎప్పుడు లేచొచ్చాడో.

"మా మనిషేనమ్మా. ఏమీ లేదు, కిటికీ పక్కన కూర్చోవాలని తొందర. పద పద, లైన్లోకి." మాట నవ్వుతూనే అన్నాడు గానీ భుజాన్ని గట్టిగా నొక్కాడు.

అమ్మాయి ఇద్దరి మొహాలూ చూసింది. "జబ్బేమన్నా ఉంటే మీరే చెప్పాలండీ. లేదంటే లైన్లో రండి."

బావ వెనక్కి చూశాడు. ముఠా అంతా నేలచూపులు చూస్తోంది. ఇంటి అద్దె, పిల్ల చదువు కళ్ళముందు గిర్రున తిరిగాయి. చచ్చేంత భయం వేసింది. ఇన్నాళ్ళూ కిమ్మనకుండా పడి ఉండి తను కాపాడుకున్నదేమిటి? ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. భుజంమీది చేతిని తీసేశాడు.

"ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ముందమ్మా. మెట్లు గబగబా ఎక్కలేను. వీళ్ళ కంపెనీ పనిలోనే తెచ్చుకున్నాను."

సూపర్‌వైజరు మొహంలో నవ్వు మాయమైంది. "తమాషాగా ఉందా? ఇప్పుడెక్కావంటే అక్కడ దిగగానే తిరుగు టికెట్టే నీకు."

"ఇప్పించండి సార్. ఆ విమానం కూడా ముందే ఎక్కుతాను. లైన్లో మాత్రం నిలబడను."

అమ్మాయి అడ్డంగా కట్టిన తాడు తీసింది. వెనక మేస్త్రీ కుర్చీలోంచి సగం లేచి, నిలబడనూ లేక, తిరిగి కూర్చోనూ లేక, అలాగే ఉండిపోయాడు.