నాలుగు మూలలా బిగించిన దుప్పట్లు

పెద్దక్క నలభై రెండో ఏట అక్షరాలు నేర్చుకుంది. ఇక ఆగలేదు. దొరికిన ప్రతి కాగితమూ చదివింది. చదివిందల్లా ఇస్త్రీ బల్లల దగ్గర అందరి చెవిలోనూ వేసింది. ఆసుపత్రులకీ లాడ్జీలకీ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో పన్నెండు మంది ఆడవాళ్ళు. పొద్దస్తమానం ఆవిరిలో ఉడికే మనుషులు. వాళ్ళని కూడగట్టి, మూడు రోజులు ఇస్త్రీ పెట్టెలు చల్లబెట్టించి, మధ్యాహ్నం తిన్నాక చదువుకోడానికి ఒక గంట సంపాదించింది పెద్దక్క. ఎవరో జాలిపడి పారేసిన గంట కాదది.

ఇప్పుడు యజమాని ఆ గంటకే ఎసరు పెట్టాడు.

దుర్మార్గుడని అనలేం. యంత్రాలు ఊరికే పడుంటే అతనికి తిన్నది అరగదు, అంతే. చదువు పేరు చెప్పి వీళ్ళు కునుకు తీస్తున్నారని అతని అనుమానం. అందుకని కాలేజీలో తనకి పాఠం చెప్పిన మాస్టారుని పిలిపించాడు. ఆయన వచ్చి వీళ్ళు చదివే పుస్తకంలోంచి ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు వస్తే గంట ఉంటుంది, రాకపోతే పోతుంది. పెద్దక్క సరేనంది. వద్దంటే భయపడిందంటారు మరి.

పుస్తకం పాత కాగితాల దుకాణంలో దొరికింది. ఆ కవికి కొండ, గాలి, తుఫాను తప్ప వేరే ఊసు లేదు. ప్రకృతి ముందు మనిషెంత అని పేజీకోసారి సాగిలపడతాడు. పెద్దక్క మరదలికి, అంటే గంజి తొట్టి దగ్గర పనిచేసే తమ్ముడి పెళ్ళానికి, మొదటి రోజు నుంచీ ఆ కవంటే ఒళ్ళు మంట.

"తుఫానుని చేతులు చాపి రమ్మంటాడేంటొదినా? ఈయన గుడ్డలు ఎవరారేస్తున్నారో కనుక్కో."

మాస్టారు వచ్చే రోజు పొద్దున యజమాని డాబా ఎక్కాడు. అక్కడ దుప్పట్లు ఆరేసే పద్ధతొకటుంది. పై తాడుకి రెండు మూలలు, కింది తాడుకి ఒక్క మూల క్లిప్పులు పెడతారు. నాలుగో మూల గాలికి వదిలేస్తారు. గాలి వస్తుంది, దారి చూసుకుని పోతుంది. యజమానికది చిందరవందరగా కనిపించింది. పెద్దమనిషి వస్తున్నాడు, నాలుగు మూలలూ బిగించి గోడల్లా నిలబెట్టమన్నాడు. ఇంకోరోజైతే పెద్దక్క అతన్ని మెట్ల దాకా తరిమేది. ఆ రోజు ఆమె బుర్రంతా పరీక్షే. తలూపింది. ప్రతిదానికీ కయ్యానికి కాలుదువ్వే మనిషి సరిగ్గా కాలుదువ్వాల్సిన చోట ఊరుకుంది. నలభై దుప్పట్లు నాలుగు మూలలా బిగిశాయి.

మధ్యాహ్నం మాస్టారు ఇస్త్రీ బల్లల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఖద్దరు చొక్కా, దళసరి కళ్ళజోడు. నెమ్మదస్తుడే. గాలి మీద రాసిన కవిత తీసి, ఇందులో గాలి దేనికి ప్రతీక అని అడిగాడు. మిగతా పదకొండు మందీ పెద్దక్క వంక చూశారు. రాత్రంతా వల్లించుకున్న జవాబులన్నీ ఎటుపోయాయో తెలీలేదు. ఆమెకి నిజంగా తోచింది ఒక్కటే.

"గాలి గాలేనండీ. ఇంకోదాని బదులు రాలేదు."

యజమాని అప్పుడే యంత్రాల వైపు చూపు తిప్పాడు. మాస్టారు గడ్డం గోక్కున్నాడు. ఏమనేవాడో గానీ, మరదలు ముక్కుపుటాలు ఎగరేసింది.

"వదినా, గాలి మళ్ళింది."

అంతే. పరీక్షా లేదు, మాస్టారూ లేడు. పుస్తకం నడుముకి దోపుకుని పెద్దక్క ముందు, మిగతా పదకొండు మంది వెనక, మెట్లు దడదడలాడించారు. జవాబు చెప్పలేక పారిపోతున్నారని కేకలేస్తూ యజమాని, ఏం జరుగుతోందో అర్థంగాక మాస్టారు, వాళ్ళ వెనకాల.

డాబా మీద ఆకాశం సిరా ఒలికినట్టుంది. నలభై దుప్పట్లు నలభై నిండు కడుపులయ్యాయి. దారి లేని గాలి లోపల పడి గుద్దుతోంది. తాళ్ళు జుమ్మంటున్నాయి. ఇనప స్తంభాలు వంగుతున్నాయి. పెద్దక్కకి తన తప్పు ఒక్క చూపులో తెలిసింది. కింది క్లిప్పులు పీకమని చెయ్యూపింది. పీకినచోటల్లా దుప్పటి ఫెళ్ళున లేచి మొహం మీద కొట్టింది. ఒక తాడు తెగింది. ఏడు దుప్పట్లు గోడ దాటి పక్క మేడల మీదికి పెళ్ళివారిలా దర్జాగా వెళ్ళిపోయాయి. యజమాని ఒక స్తంభాన్ని కావలించుకున్నాడు. అది పడిపోకుండానో తను పడిపోకుండానో అతనికే తెలియాలి.

మాస్టారు సాయం చేద్దామని ఒక దుప్పటి అంచు పట్టుకున్నాడు. వదలడం తెలీదు పాపం. గాలి ఆయన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి బరబరా లాక్కుపోయింది. కళ్ళజోడు ఎగిరి ఎక్కడో పడింది. పెద్దక్క వెనకనుంచి నడుం పట్టి ఆపింది. తిట్టబోయి మొహం చూసింది. ఆ పెద్దాయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. అంతలో వాన విరుచుకుపడింది. పెద్దక్క పాదాలు కూడా నేల మీద సరిగ్గా ఆనడం లేదు. ఈ కవితని ఆరుసార్లు చదివి, ఆరుసార్లూ కవి కోతలు కోస్తున్నాడనుకుంది. లేదు, మహానుభావుడు తగ్గించే రాశాడు. ఆమెకీ నవ్వాగలేదు. చూస్తుండగానే పన్నెండు మందీ తడి దుప్పట్లు చంకలో పెట్టుకుని, ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతూ, పిచ్చిపట్టినట్టు నవ్వారు.

మెట్లగదిలో అందరూ ఇరుక్కుని నిలబడ్డాక యజమాని ముందుగా దుప్పట్ల సంగతెత్తాడు.

"బిగించమన్నది మీరు, నోరు మూసుకున్నది నేను. తలా సగం," అంది పెద్దక్క. "పక్కిళ్ళకెళ్ళి ఏరుకొస్తాం. మళ్ళీ ఉతుకుతాం. ఆ తాళ్ళ జోలికి మాత్రం ఇక రాకండి."

యజమాని మాస్టారు వైపు తిరిగి, పాసా ఫెయిలా తేల్చమన్నాడు. మాస్టారు చొక్కా అంచు పిండుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు చెప్పానోయ్ ఆ కవిత," అన్నాడు. "గాలి అంటే మార్పనీ, గాలి అంటే కాలమనీ నీచేత కూడా రాయించాను. ఒక్కణ్ణీ మేడెక్కించలేదు. గాలి గాలేనని ఈవిడ చెబితే తప్పు దిద్దబోయాను కూడా. ఆ గంట తియ్యకు. రేపట్నుంచి నేనూ వస్తా."

యజమాని గొణిగాడు, నసిగాడు, తుమ్మాడు. సరే, గంట దాటితే మాత్రం ఊరుకోనన్నాడు.

"ఒక్క నిమిషం తగ్గితే మేమూ ఊరుకోం," అంది పెద్దక్క.

ఇవాళ్టి గంటలో ఇంకా పావుగంట మిగిలుందని మరదలు గుర్తుచేసింది. మాస్టారు పుస్తకానికి చెయ్యి చాపాడు గానీ కళ్ళజోడు లేదు, ఒక్క అక్షరం కనబడలేదు. పెద్దక్క నడుములోంచి తడిసిన పుస్తకం లాగి, అతుక్కున్న పేజీలు ఊది విడదీసి, తనే మొదలుపెట్టింది. బయట వాన తలుపు బాదుతోంది. నాలుగు పాదాలు అయ్యాయో లేదో, వెనక గోడవార నుంచి యజమాని గొంతు వినిపించింది.

"కాస్త గట్టిగా చదువమ్మా, ఇక్కడికి వినబడటం లేదు."