ఒక్కసారే కొలిచాను

ఎక్స్‌రే గదిలో పనిచేసే ఒక టెక్నీషియన్ నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆసుపత్రి కంప్యూటర్లలో మా సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ తీసేసి కొత్తది వేశాక, ఒక్కో బొమ్మ తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు పడుతోందట. ఇదివరకు మూడే పట్టేదట. "మా యంత్రం ముసలిదే కానీ, మరీ ఇంత ముసలిది కాదు" అని రాశాడు. మనిషి నాకు నచ్చాడు. ఫిర్యాదు చేసేవాళ్ళలో సగం మంది తిట్టి ఊరుకుంటారు. ఇతను అంకెలతో సహా పంపాడు.

కంప్యూటర్‌లో ప్రతి ప్రోగ్రామూ అడుగున వాడుకునే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఒకటి ఉంటుంది. దాన్ని చూసుకునే అయిదుగురిలో నేనొకదాన్ని. మెమరీలో ఒకచోట ఉన్నదాన్ని ఇంకోచోటికి కాపీ చేసే ఫంక్షన్ నాది. నాది అంటే, దాని మీద ఇంకొకరు చెయ్యి వేస్తే నాకు ఒళ్ళు మండుతుందని. మామూలు కాపీలను అది ప్రాసెసర్ పక్కనే ఉన్న క్యాష్ అనే చిన్న మెమరీలో పెడుతుంది, వంటగట్టు మీద చేతికందేలా సర్దినట్టు. మరీ పెద్దవైతే గట్టు నిండిపోతుందని నేరుగా దూరంగా ఉన్న మెమరీకి, అంటే అటక మీదికి పంపేస్తుంది. ఎంత దాటితే అటకెక్కించాలో చెప్పే అంకె ఒకటుంది. మూడేళ్ళ క్రితం దాన్ని నేను బాగా తగ్గించాను. నా కొత్త యంత్రం మీద బ్రహ్మాండంగా పనిచేసింది.

అదే వారం మా మరిది కూడా ఆ ఫంక్షన్‌లో ఒక చిన్న మార్పు చేశాడు. మరిది అంటే మా ఆయన సొంత తమ్ముడే. నేనే చెప్పి మా ఆఫీసులో పెట్టించాను. మహా నెమ్మదస్తుడు. ఒక లైను రాయడానికి ముందు వంద లైన్లు చదివేవాడు.

"నువ్వు కోడ్ రాస్తున్నావా, దానికి జోల పాడుతున్నావా?" అనేదాన్ని.

"జోల పాడితేనే వదినా, మధ్యలో లేచి ఏడవకుండా ఉంటుంది" అనేవాడు.

ఆ వెర్షన్ బయటికి వెళ్ళిన పది రోజులకు, కాపీ నెమ్మదించిందని రెండు మూడు ఫిర్యాదులొచ్చాయి. మీటింగ్‌లో అందరూ నా వైపే చూశారు. మరిదిని వెనకేసుకొస్తుందా లేదా అని చూస్తున్నారనిపించింది నాకు. నా అంకెను అనుమానించాలని తోచనేలేదు. సీటుకు పోయి, అతని మార్పు ఉంచి ఒకసారి కొలిచాను. తీసేసి ఒకసారి కొలిచాను. తీసేశాక వేగం పెరిగింది. అరగంటలో తిరిగొచ్చి, "తప్పు మావాడిదే, తీసేస్తున్నాను" అని అందరి ముందూ చెప్పాను. సొంత మనిషని కూడా చూడలేదని నలుగురూ అనుకుంటే, లోపల్లోపల మురిసిపోయాను కూడా.

అతను తెల్లబోయాడు. "సరే వదినా" అన్నాడంతే. ఆ తర్వాత అతను ఏం పంపినా ఎవరూ ఒక పట్టాన ఒప్పుకునేవారు కాదు. ఏడాది తిరక్కుండా మానేసి టైల్స్ షాపులో చేరాడు. "వాడికి ఆ పనంటే ప్రాణం కదే" అన్నాడు మా ఆయన ఒకసారి. "ప్రాణమైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి" అన్నాను. ఎంత నోరు నాది!

టెక్నీషియన్ దగ్గరున్నటువంటి పాత యంత్రాన్నే స్టోర్‌రూమ్‌లోంచి తీయించి, దుమ్ము దులిపి ముందు పెట్టుకున్నాను. రెండు వెర్షన్ల మధ్య మార్పులు రెండు వేలు. వాటిని సగానికి సగం తగ్గించుకుంటూ, ప్రతిసారీ కొలుచుకుంటూ పోతే, రెండో రోజు మధ్యాహ్నానికి ఒకే ఒక్క మార్పు మిగిలింది. అది నా అంకె. ఆ పాత యంత్రంలో గట్టు మీద ఉండాల్సినవన్నీ అటకెక్కిపోతున్నాయి.

మరి అతని మార్పు? ఈసారి అది ఉంచి ఇరవైసార్లు, తీసేసి ఇరవైసార్లు కొలిచాను. ఏ తేడా లేదు. ఉంచితేనే వెంట్రుకవాసి నయం. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు ముందుగా కొలిచింది అతని మార్పుతో అని. వరసగా కొలిచేటప్పుడు మొదటిసారి కావలసినవన్నీ మెమరీలోకి కొత్తగా రావాలి కనక ఆ కొలత ఎప్పుడూ నెమ్మదే, తర్వాతివాటికి అవి సిద్ధంగా ఉంటాయి. దాన్ని పారేసి తర్వాతివి లెక్కలోకి తీసుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఈ పాఠం చెప్పేది నేనే. తర్వాత ఫిర్యాదులు ఆగాయి కదా అని అప్పట్లో సరిపెట్టుకున్నాను. వాళ్ళంతా విసిగిపోయి పాత వెర్షన్‌కే వెళ్ళిపోయారని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అంకెను తీసేసి, ఏ యంత్రానికి ఎంత క్యాష్ ఉందో చూసుకుని దాన్నిబట్టి లెక్కకట్టేలా రాశాను. మొత్తం రెండే లైన్లు. టెక్నీషియన్‌కు మళ్ళీ మూడు సెకన్లొచ్చాయి. ప్రతి మార్పుకూ కింద కారణం రాయాలి, అది ఎప్పటికీ చెరగదు, ఎవరైనా చదవొచ్చు.

"పరిమితి సవరించాను అని రాసెయ్యండి. మూడేళ్ళనాటిది ఇప్పుడు తవ్వడమెందుకు?" అన్నాడు మా మేనేజరు.

"తవ్వకపోతే ఆ గోతిలో మావాడే ఉండిపోతాడు సార్" అన్నాను.

ఉన్నదున్నట్టు రాశాను. తప్పు నాదని, కొలవడంలో పొరబడి సరైన మార్పును తీసేశానని, దాన్ని రాసినతని పేరుతోనే తిరిగి చేరుస్తున్నానని.

శనివారం పొద్దున షాపుకు వెళ్ళాను. మరిది ఎవరి స్నానాలగదికో పెట్టెలెన్ని కావాలో లెక్కేస్తున్నాడు. వేసింది కొట్టేసి మళ్ళీ వేశాడు, మళ్ళీ కొట్టేశాడు. "ఎన్నిసార్లండీ బాబూ!" అని ఎదురుగా ఉన్నాయన విసుక్కున్నాడు. ఆయన వెళ్ళాక అంతా చెప్పాను. అతను వింటూ క్యాలిక్యులేటర్‌ను గల్లాబల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"మొదటి కొలత పారెయ్యలేదా వదినా?" అన్నాడు.

"లేదు."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"వచ్చెయ్. మళ్ళీ తీసుకోమని నేను మాట్లాడతాను" అన్నాను.

"ఇప్పుడు ఏ లైను రాసినా తప్పేమోననిపిస్తుంది వదినా. ఇక్కడైతే నయం, లెక్క తప్పినా మిగిలిన పెట్టెలు వెనక్కి తీసుకుంటాం" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి తట్టుకోలేకపోయాను. నాకు ఏడుపొచ్చినా కోపంలాగే బయటికొస్తుంది. "నీ నెమ్మదంతా ఆ రోజు ఏ గంగలో కలిసిందయ్యా? నువ్వైనా ఒక్కసారి మళ్ళీ కొలిచి ఉంటే అప్పుడే బయటపడేది కదా!" అన్నాను.

అతను ఆశ్చర్యంగా నా వైపు చూశాడు.

"మీరు కొలిచారు కదా వదినా. ఇంక నేనెందుకు కొలుస్తాను?"

ఆ మాటలో దెప్పిపొడుపేమీ లేదు.